మా యూనివర్సిటీలో రీసెర్చ్ కంప్యూటింగ్, డేటా సపోర్ట్ ఎలా ఉందో అంచనా వేయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఐదుగురిలో_ఒకడు:

అందరికీ నమస్తే. పోస్ట్ కాస్త పొడుగు, ఓపిక ఉంటేనే చదవండి.

ఒక యూనివర్సిటీ రీసెర్చ్ కంప్యూటింగ్ టీమ్‌లో పనిచేస్తున్నాను. మొత్తం ఐదుగురం. క్లస్టర్ (ఒకటిగా పనిచేసేలా కలిపిన బోలెడు కంప్యూటర్లు), స్టోరేజ్, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలేషన్లు, "నా జాబ్ ఎందుకు చచ్చిపోయింది" అనే మెయిళ్లకు (జాబ్ అంటే క్లస్టర్‌కి అప్పగించిన పని) జవాబులు, అన్నీ మేమే. పోయిన నెల పైనుంచి ఒక కబురు వచ్చింది: పరిశోధకులకు మనం ఇస్తున్న కంప్యూటింగ్, డేటా సపోర్ట్ ఏ స్థాయిలో ఉందో అంచనా వేసి మూడు నెలల్లో రిపోర్ట్ ఇవ్వాలి, వచ్చే ఐదేళ్ల ప్లాన్‌కి అదే ఆధారం అని. టీమ్‌లో అందరికన్నా కొత్తవాణ్ని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

మొదట నాకు తోచింది చేశాను. నోడ్లు (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్) ఎన్ని, కోర్లు (ప్రాసెసర్‌లో లెక్క చేసే భాగాలు) ఎన్ని, జీపీయూలు (గ్రాఫిక్స్ చిప్‌లు) ఎన్ని, స్టోరేజ్ ఎంత, ఏడాదిలో ఎన్ని గంటలు సిస్టమ్ ఆగింది, సగటు వినియోగం ఎంత అని ఒక షీట్ చేశాను. వినియోగం 91 శాతం వచ్చింది, చూసుకుని మురిసిపోయాను కూడా. తర్వాత ఒక సామర్థ్య అంచనా ప్రశ్నావళి దొరికితే ఒక మధ్యాహ్నం కూర్చుని ఒక్కణ్నే నింపేశాను. పరిశోధకులకు శిక్షణ ఇస్తున్నారా? ఇస్తున్నాం. డేటా భద్రపరిచే ఏర్పాటు ఉందా? ఉంది. సాఫ్ట్‌వేర్ విషయంలో సలహా దొరుకుతుందా? దొరుకుతుంది, నేనే కదా ఇచ్చేది. లెక్కేస్తే 78 శాతం.

ఆ షీట్ మా క్లస్టర్ వాడే ఒక పోస్ట్‌డాక్‌కి చూపించాను. ఆవిడ చివరిదాకా చదివి, "శిక్షణ ఎప్పుడు జరుగుతుంది?" అని అడిగారు. మూడేళ్లుగా ఇక్కడే ఉన్నారు! ఏడాదికి రెండుసార్లు పెడతాం, మెయిల్ పంపుతాం అన్నాను. ఏ లిస్టుకి అన్నారు. క్లస్టర్ యూజర్ల లిస్టుకి అన్నాను. "అంటే వాడటం వచ్చేసినవాళ్లకి, అది కూడా అకౌంట్ తీసుకునేటప్పుడు లిస్టులో చేరమని ఎవరో చెప్పి ఉంటే" అని నవ్వేశారు. అప్పట్నుంచి ఆ 78 మీద నాకే నమ్మకం పోయింది.

ఇప్పుడు నా డౌట్లు. అసలు కొలవాల్సింది ఏమిటి? సర్వే పెట్టాలా? స్కోర్ వేస్తే అది ఇంకో యూనివర్సిటీతో పోల్చడానికి పనికొస్తుందా? ఈ పని ఎవరైనా చేసి ఉంటే, ఏం చేయకూడదో చెప్పినా చాలు.

---

పాత_సిసాడ్మిన్:

ముందు ఆ 91 శాతాన్ని రిపోర్ట్ మొదటి పేజీలోంచి తీసేయండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఈ పనిలో జుట్టు నెరిసినవాణ్ని, అదే అంకె నేనూ ఏళ్ల తరబడి చూపించాను. వినియోగం ఎక్కువుంటే మనం బాగా పనిచేస్తున్నట్టు పైవాళ్లకి అనిపిస్తుంది. యూజర్ దృష్టిలో అది బస్సు కిక్కిరిసి ఉందని చెప్పడం లాంటిది. క్యూల గురించి అన్నిటికన్నా సులువైన లెక్క ఒకటుంది, ఒకే సర్వర్, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే జాబులు అనుకుంటే, సగటు ఎదురుచూపు 80 శాతం వినియోగం దగ్గర ఒక సగటు జాబ్ పట్టే టైమ్‌కి 4 రెట్లు, 90 దగ్గర 9 రెట్లు, 95 దగ్గర 19 రెట్లు. నిజం క్లస్టర్ ఆ లెక్కకి అచ్చంగా సరిపోదు, బోలెడు నోడ్లుంటాయి, చిన్న జాబులు సందుల్లో దూరిపోతాయి, కానీ గీత పైకి లేచే తీరు మాత్రం అదే. మీ 91 దాటి ఇంకో నాలుగు పాయింట్లు పెరిగితే మీకు మెచ్చుకోలు, మీ పోస్ట్‌డాక్‌కి ఇంకో రెండు రోజుల నిరీక్షణ.

కాబట్టి ఎదురుచూపు కొలవండి. అందులోనూ సగటు తీయకండి, మధ్యస్థం ఎంత, పదిమందిలో అందరికన్నా చివర్లో ఉన్నవాడు ఎంతసేపు ఆగాడు అని తీయండి. మీ క్లస్టర్‌లో జాబుల్ని క్యూలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్ స్లర్మ్ అయితే జాబ్ సబ్మిట్ అయిన టైమ్, అర్హత వచ్చిన టైమ్, మొదలైన టైమ్ విడివిడిగా రికార్డులో ఉంటాయి. అర్హత వచ్చినప్పట్నుంచి లెక్కపెట్టాలి. లేకపోతే ముందు జాబ్ అయ్యాకే నడవాలని యూజరే పెట్టుకున్న జాబులు కూడా మీ ఖాతాలో పడతాయి. నేను మొదటిసారి ఆ పొరపాటు చేసి, మా క్యూ ఘోరంగా ఉందని నేనే అందరికీ చెప్పుకుని పరువు తీసుకున్నాను.

ఇంకోటి. ఆ 91 అంటే కేటాయించిన కోర్లా, నిజంగా పనిచేసిన కోర్లా? ఈ రెండింటి మధ్య పొలమంత ఖాళీ ఉంటుంది. ఒకసారి మా దగ్గర ఒక పీహెచ్‌డీ కుర్రాడు ప్రతి జాబ్‌కీ 64 కోర్లు అడిగేవాడు. జాబ్ అయ్యాక వచ్చే సామర్థ్యం రిపోర్ట్ తీసి చూస్తే సీపీయూ వాడకం 1.56 శాతం. 64లో ఒకటి అంటే సరిగ్గా అంతే. అతని పైథాన్ కోడ్ ఒక్క కోర్ మీదే నడుస్తోంది, మిగతా 63 కోర్లు తలుపులు బిగించుకుని కూర్చున్నాయి. అతన్ని తప్పుపట్టలేం, సీనియర్ ఇచ్చిన స్క్రిప్ట్ అది, ఆ సీనియర్‌కి ఇంకో సీనియర్ ఇచ్చాడు. నేను పక్కన కూర్చుని నలభై నిమిషాలు చూపించాను. అంతకుముందు రెండేళ్లు మా గ్రాఫ్‌లో అతను "భారీ యూజర్".

జీపీయూలకీ ఇదే కథ. ఎన్విడియా వాళ్ల టూల్ చూపించే వినియోగం శాతం ఉంది చూశారూ, ఆ సమయంలో కనీసం ఒక కెర్నెల్ (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్) నడుస్తోందా లేదా అన్నదే అది చెబుతుంది. చిప్‌లో ఎంత భాగం పనిచేస్తోందో చెప్పదు. 100 చూపిస్తుంటే లోపల ముప్పావు వంతు కునుకు తీస్తూ ఉండొచ్చు.

ప్రశ్నావళి స్కోర్ల సంగతి అడిగారు. నాకు వాటి మీద గురి లేదు. మన డబ్బా మనమే కొట్టుకోవడానికి శాతాలు తోడు, అంతే.

---

లైబ్రరీ_మెట్లమీద:

కంప్యూటింగ్ వాళ్లు మాట్లాడుకుంటుంటే డేటా ఎప్పుడూ చివర్లోనే వస్తుంది, అది కూడా "స్టోరేజ్ ఎన్ని టెరాబైట్లు" అన్న రూపంలో. నేను లైబ్రరీ వైపు రీసెర్చ్ డేటా చూస్తాను. ఐదుగురిలో_ఒకడు గారూ, మీరు "డేటా భద్రపరిచే ఏర్పాటు ఉందా, ఉంది" అని రాసేశారు కదా, ఒక చిన్న పని చేయండి. ఏదో ఒక ల్యాబ్ డైరెక్టరీలోంచి కళ్లు మూసుకుని ఒక ఫైల్ ఎంచుకోండి, ఆరు నెలల కిందటి కాపీ తెచ్చివ్వమని మీ టీమ్‌నే అడగండి. గడియారం చూసుకోండి. రాకపోతే ఆ ప్రశ్నకి జవాబు "లేదు". వచ్చినా మూడు రోజులు పడితే, ఒక్కరికే ఆ పని తెలిసి ఆయన లీవ్‌లో ఉంటే, జవాబు "కొంచెం ఉంది".

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 2021 డిసెంబర్‌లో క్యోటో యూనివర్సిటీ సూపర్‌కంప్యూటర్ స్టోరేజ్‌లోంచి దాదాపు 77 టెరాబైట్లు, మూడు కోట్ల పైచిలుకు ఫైళ్లు చెరిగిపోయాయి. 14 గ్రూపులకి దెబ్బ తగిలింది, వాటిలో నాలుగింటి డేటా బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. కారణం ఏమిటో తెలుసా, బ్యాకప్ ప్రోగ్రామే. పాత లాగ్ ఫైళ్లు తీసేసే స్క్రిప్ట్‌ని అది నడుస్తుండగానే మార్చారు, అందులో డైరెక్టరీ పేరు ఖాళీ అయిపోయి చెరపకూడనివి చెరిపేసింది. చెక్‌లిస్ట్ ప్రకారం చూస్తే అక్కడ బ్యాకప్ "ఉంది".

మా దగ్గర నేను ల్యాబ్‌ల చుట్టూ తిరిగాను. ఫారం లేదు, సర్వే లేదు, ఒకటే ప్రశ్న: "మీ గ్రూప్ చివరి పేపర్‌లో రెండో బొమ్మ ఉంది కదా, దాని వెనక ఉన్న డేటా ఇప్పుడు చూపించగలరా?" ఒక ల్యాబ్‌లో ప్రొఫెసర్ గారు చాలా ధీమాగా డ్రాయర్ లాగారు. లోపల నాలుగు ఎక్స్‌టర్నల్ డిస్కులు, ఒకదాని మీద టేప్ అంటించి "ఫైనల్", ఇంకోదాని మీద "ఫైనల్ కొత్తది". రెండోది కంప్యూటర్‌కి పెడితే టిక్ టిక్ మంది. ఆయన ముఖం చూడలేకపోయాను. అదే భవనంలో కింది అంతస్తులో పెటాబైట్ స్టోరేజ్ ఉంది, సగం ఖాళీగా. ఎందుకు వాడలేదు సార్ అంటే, "అది సూపర్‌కంప్యూటర్ వాళ్లకి కదా" అన్నారు.

ఉండటం వేరు, ఉందని తెలియడం వేరు, తెలిసినవాడికి అందడం వేరు. మీ ప్రశ్నావళిలో ప్రతి "ఉంది" పక్కన ఈ మూడు గళ్లు గీయండి.

డేటా వైపు ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి. గ్రాంట్ రాసేటప్పుడు డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ రాయడానికి ఎవరు సాయం చేస్తారు? అమెరికాలో ఎన్ఎస్ఎఫ్ (సైన్స్ పరిశోధనకి గ్రాంట్లిచ్చే ప్రభుత్వ సంస్థ) 2011 నుంచే ఆ ప్లాన్ అడుగుతోంది, ఎన్ఐహెచ్ (వైద్య పరిశోధనకి అలాంటిదే) కొత్త డేటా షేరింగ్ విధానం 2023 జనవరి 25న అమల్లోకి వచ్చింది, యూరప్‌లోనూ ఇదే దారి. ప్లాన్‌లో "పదేళ్లు భద్రపరుస్తాం" అని మనవాళ్లు ధైర్యంగా రాసేస్తారు, ఆ పదేళ్ల ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ఏ కాగితంలోనూ ఉండదు. విద్యార్థి చదువు అయిపోయి వెళ్లిపోతే అతని అకౌంట్‌లోని డేటా ఎవరిది? పేషెంట్ల వివరాల్లాంటి సున్నితమైన డేటా పెట్టుకోవడానికి అనుమతి ఉన్న చోటు ఉందా, లేక అందరూ ఏం మాట్లాడకుండా ల్యాప్‌టాప్‌లో పెట్టేసుకుంటున్నారా? 2016లో ఫెయిర్ సూత్రాలు వచ్చినప్పట్నుంచి, అంటే డేటా దొరకాలి, అందాలి, వేరే డేటాతో కలవాలి, మళ్లీ వాడుకోదగ్గట్టు ఉండాలి అని, ప్రతి పాలసీలోనూ ఆ మాట కనిపిస్తోంది. ఆ పని చేయడానికి మనిషి ఉన్నారా లేదా అన్నది మాత్రం పాలసీ చదివితే తెలియదు.

---

క్యూలో_ఉన్నాను:

నేను సర్వీస్ ఇచ్చేవాణ్ని కాదు, తీసుకునేవాణ్ని. పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఇక్కడ అందరూ మీలాంటివాళ్లే మాట్లాడుతున్నారు కాబట్టి నా వైపు నుంచి కూడా.

సర్వే పెట్టకండి. అంటే పెట్టండి, కానీ అదొక్కటే పెట్టకండి. మాకు ఏడాదికోసారి నలభై ప్రశ్నల సర్వే వస్తుంది, "కంప్యూటింగ్ సేవలతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారు, 1 నుంచి 5" అని. నేను అన్నిటికీ 4 కొట్టేసి బయటపడతాను. ఎందుకంటే సపోర్ట్ చేసేవాళ్లు మంచివాళ్లు, రాత్రి పదకొండింటికి కూడా జవాబిస్తారు, వాళ్లకి 2 ఇవ్వబుద్ధి కాదు. మనుషుల మీద అభిమానంతో వేసిన మార్కు సర్వీస్‌కి పడిపోతుంది.

పైగా ఆ సర్వే ఎవరికి వస్తుంది? అకౌంట్ ఉన్నవాళ్లకి. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక అమ్మాయి రెండు వారాలు ల్యాప్‌టాప్ మూయకుండా, స్లీప్‌లోకి పోకుండా మౌస్ కదిపే ప్రోగ్రామ్ పెట్టి సిమ్యులేషన్ నడిపింది. ఫ్యాన్ శబ్దానికి పక్క సీటువాళ్లు సీటు మార్చుకున్నారు. క్లస్టర్ ఉందని తెలుసు, అది ఫిజిక్స్ వాళ్లదనుకుంది. చరిత్ర, భాషాశాస్త్రం వాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు, స్కాన్ చేసిన వేల పేజీల్ని టెక్స్ట్‌గా మార్చుకోవడానికి వాళ్లు పడే పాట్లు మీ డ్యాష్‌బోర్డులో ఎక్కడా కనపడవు. మీరు కొలవాల్సిన జనం మీ యూజర్ల లిస్టు బయట ఉన్నారు.

నాదొక సలహా. కొత్తగా చేరిన స్టూడెంట్ ఒకర్ని పట్టుకుని, ఏ సాయమూ చేయకుండా, అకౌంట్ అడిగిన రోజు నుంచి మొదటి పనికొచ్చే ఫలితం వచ్చిన రోజు దాకా పక్కనుండి చూడండి. నా విషయంలో 19 రోజులు పట్టింది, డైరీలో ఉంది. అందులో ఏడు రోజులు గైడ్ సంతకం కోసం (ఫారంలో సంతకం స్కాన్ చేసి పెట్టాలిట, మెయిల్లో ఒప్పుకుంటే చెల్లదు), మూడు రోజులు పాస్‌వర్డ్ మెయిల్ స్పామ్‌లో పడి ఉండటం వల్ల, మిగతావి లాగిన్ నోడ్ (అందరూ లోపలికి రావడానికి మాత్రమే ఉన్న కంప్యూటర్) మీదే ప్రోగ్రామ్ నడిపినందుకు అకౌంట్ ఆపేసి, మళ్లీ తెరిచి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటుంటే హోమ్ డైరెక్టరీలో ఫైళ్ల సంఖ్య పరిమితి దాటిపోయి. ఆ పరిమితి ఒకటుందని డాక్యుమెంటేషన్‌లో ఉందిట. ఏ పేజీలో ఉందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఈ 19 రోజుల్లో మీ సిస్టమ్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. అప్‌టైమ్ 100 శాతం.

---

ఐదుగురిలో_ఒకడు:

క్యూలో_ఉన్నాను గారూ, ఆ సంతకం స్కాన్ చేసే ఫారం మా దగ్గర కూడా ఉంది. చదువుతుంటే సిగ్గేసింది. వెళ్లి అడిగితే అది ఎవరు ఎప్పుడు పెట్టారో మా టీమ్‌లో ఎవరికీ గుర్తులేదు, కానీ తీసేయాలంటే ముగ్గురి అనుమతి కావాలట.

లైబ్రరీ_మెట్లమీద గారూ, ఫైల్ తెప్పించే పరీక్ష రేపే పెడుతున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం టెన్షన్‌గా ఉంది.

పాత_సిసాడ్మిన్ అన్నా, స్కోర్లు వద్దంటున్నారు గానీ, పైవాళ్లకి అంకె లేకుండా రిపోర్ట్ ఇస్తే తిరిగి మొహాన కొడతారు. అంకెలు వేసిన అనుభవం ఎవరికైనా ఉందా?

---

మూడు_మీటింగుల_మనిషి:

ఉంది. పాత_సిసాడ్మిన్ గారితో సగం ఒప్పుకుంటాను, సగం కాదు. ఒక్కడే గదిలో కూర్చుని వేసిన స్కోర్ చెత్తబుట్టకే. అదే ప్రశ్నావళిని పదిమంది ఒక బల్ల చుట్టూ కూర్చుని నింపితే అది వేరే వస్తువు.

మీరు నింపిన ప్రశ్నావళి ఏదో చెప్పలేదు. ఈ రంగంలో ఎక్కువగా వినిపించేది అమెరికాలో కార్క్, ఇంటర్నెట్2, ఎడ్యుకాజ్ అనే సంస్థలు కలిసి తయారుచేసిన రీసెర్చ్ కంప్యూటింగ్ అండ్ డేటా సామర్థ్య నమూనా. మొదటి వెర్షన్ 2020లో వచ్చింది. అందులో నాకు నచ్చేది స్కోర్ కాదు, పనిని విడగొట్టిన తీరు. ఐదు వైపులుగా చూస్తారు: పరిశోధకుడి వైపు, డేటా వైపు, సాఫ్ట్‌వేర్ వైపు, సిస్టమ్స్ వైపు, వ్యూహం, విధానాల వైపు. మనలాంటి టీములకి సిస్టమ్స్ వైపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఎందుకంటే మనం అక్కడ్నించే వచ్చాం, చెయ్యి తిరిగిన పని అదే. మీ 78ని ఈ ఐదుగా చీల్చి చూడండి. సిస్టమ్స్ 95 ఉండి పరిశోధకుడి వైపు 40 ఉంటే ఆశ్చర్యపోకండి. మొత్తం సగటు ఈ తేడాని దుప్పటి కప్పి దాచేస్తుంది.

డేటా ఒక్కదానికే అయితే బ్రిటన్‌లోని డిజిటల్ క్యూరేషన్ సెంటర్ చేసిన రైజ్ అనే స్వీయ అంచనా పద్ధతి ఉంది. దాంట్లో స్థాయిలు మూడు: నియమాలు పాటించడానికి సరిపోయేంత, మన సంస్థ అవసరాలకి తగ్గట్టు మలుచుకున్నది, మిగతావాళ్లకి దారి చూపేంత. అన్నిట్లోనూ మూడో స్థాయి కొట్టాలని అది చెప్పదు. కొన్నిట్లో ఒకటి దగ్గరే ఆగుదాం, ఫలానా దాంట్లో మూడుకి వెళ్దాం అని మీరే ముందు తేల్చుకోవాలి. ఇది చాలామందికి తట్టదు, ప్రతి గడిలోనూ ఫుల్ మార్కులు కావాలంటారు, స్కూల్ అలవాటు.

మేం చేసింది ఇదీ. మూడు మీటింగులు, ఒక్కోటి రెండు గంటలు. కంప్యూటింగ్ నుంచి ఇద్దరు, లైబ్రరీ నుంచి ఒకరు, కేంద్ర ఐటీ నుంచి ఒకరు, గ్రాంట్ల ఆఫీసు నుంచి ఒకరు, పరిశోధకులు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు మా క్లస్టర్ ఎప్పుడూ వాడనివాళ్లు, వాళ్లని కావాలని వెతికి తెచ్చాను. ప్రతి ప్రశ్నకీ ముందు ఎవరి కాగితం మీద వాళ్లు మార్కు వేసుకోవాలి, ఆ తర్వాతే బయటపెట్టాలి. ఈ వరస తప్పకండి, లేకపోతే గదిలో పెద్ద హోదా ఉన్నాయన మార్కే అందరి మార్కూ అవుతుంది.

ఒక ప్రశ్న "పరిశోధకుల కోడ్ వేగం పెంచడానికి, సరిచేయడానికి సాయం దొరుకుతుందా" అని. మా టీమ్ వాళ్లు 5కి 4 వేశారు. పరిశోధకుల్లో ఒకరు 4, ఒకరు 1, ఇద్దరు ఖాళీగా వదిలేశారు, అలాంటిది అడగొచ్చని కూడా వాళ్లకి తెలియదు. ఆ 4 వేసిన ప్రొఫెసర్‌ని అడిగితే, "మీ టీమ్‌లో ఫలానా ఆయన ఉన్నారు కదా, ఏదున్నా ఆయనకి ఫోన్ చేస్తాను" అన్నారు. అప్పటిదాకా ఏ మాటా మాట్లాడకుండా కూర్చున్న గ్రాంట్ల ఆఫీసు ఆవిడ తలెత్తి, "ఆయన కాంట్రాక్ట్ వచ్చే మార్చితో అయిపోతుంది" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ మీటింగ్ మినిట్స్‌లో స్కోర్ పక్కన ఈ మాటలే యథాతథంగా రాశాను. మా రిపోర్ట్‌లో పైవాళ్లు వేలు పెట్టి చూపించి అడిగింది ఆ ఒక్క లైన్ గురించే, పోస్ట్ పర్మనెంట్ అయింది. రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అన్న పేరు 2012లో బ్రిటన్‌లో పుట్టింది, చాలా యూనివర్సిటీల్లో ఆ పని చేసేవాళ్లు ఇప్పటికీ వేరే పోస్టు పేరు మీద, వేరే గ్రాంట్ డబ్బుతో నెట్టుకొస్తున్నారు. మీ ఐదుగురిలో ఎవరి జీతం ఏ గ్రాంట్ మీద ఉంది, అది ఎప్పుడు అయిపోతుంది, ఏ పని ఒక్కరికే తెలుసు, ఈ మూడూ ఒక పట్టికగా వేసి రిపోర్ట్‌లో పెట్టండి. నోడ్ల పట్టిక కన్నా ముందు పెట్టండి.

పోలిక సంగతి. ఇంకో సంస్థ స్కోర్‌తో పోల్చి ర్యాంకు చెప్పొద్దు. వాళ్ల బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో మీకు తెలియదు, కఠినంగా మార్కులు వేసుకునే నిజాయితీపరులు పట్టికలో కిందకి పోతారు. అదే పరిమాణం ఉన్న సంస్థలతో మాట్లాడి, "ఈ పనికి మీరు ఎంతమందిని పెట్టారు, ఏం చేస్తే ఫలించింది" అని అడగడం పనికొస్తుంది. రెండేళ్ల తర్వాత అదే బల్ల, అదే ప్రశ్నలు, మీ పాత స్కోర్‌తో మీ కొత్త స్కోర్ పోల్చుకోండి. ఒక హెచ్చరిక: రెండోసారి స్కోర్ తగ్గొచ్చు. మాకు తగ్గింది. పని పాడవలేదు, మొదటిసారి మాకు తెలియని లోపాలు రెండోసారికి తెలిశాయి. ఆ మాట పైవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

---

పాత_సిసాడ్మిన్:

సరే, ఖాళీగా వదిలేసిన ఆ రెండు గళ్ల కోసమైనా స్కోర్లు ఒప్పుకుంటున్నాను. కానీ మూడు మీటింగులకి ప్రొఫెసర్లు రావడమా? మా దగ్గర ఒక్కదానికి రప్పించడానికే తల ప్రాణం తోకకొచ్చేది.

మీటింగులు కుదరకపోతే చౌకైన దారి ఒకటి ఉంది, టికెట్లు (సాయం అడుగుతూ వచ్చిన మెయిళ్ల రికార్డులు) చదవడం. పోయిన ఏడాది సపోర్ట్ టికెట్లలోంచి ఓ రెండొందలు తీసి, కేటగిరీ గడిలో ఏముందో పట్టించుకోకుండా, మెయిల్ పూర్తిగా చదవండి. మూసేసిన టికెట్లని "సగటు పరిష్కార సమయం నాలుగు గంటలు" అని చూపించుకుంటాం కదా, చదివితే అందులో ఎన్నో "డాక్యుమెంటేషన్ చూడండి" అని లింక్ పంపి మూసేసినవి. ఆ మనిషి మళ్లీ రాయలేదు. సమస్య తీరి రాయలేదా, విసుగొచ్చి రాయలేదా? నేను అలాంటివాళ్లలో పదిహేను మందికి ఫోన్ చేశాను. తొమ్మిదిమంది ఆ పని వదిలేసుకున్నారు, లేదా వాళ్ల ల్యాబ్ డబ్బుతో సొంత మెషీన్ కొనుక్కుని బల్ల కింద పెట్టుకున్నారు. ఆ బల్ల కింద మెషీన్లు లెక్కపెట్టుకుంటూ తిరగండి, అది కూడా మంచి కొలతే.

---

లైబ్రరీ_మెట్లమీద:

బల్ల కింద మెషీన్ల మాట నిజం. వాటికి బ్యాకప్ ఉండదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఉండవు, కొన్నవాడు వెళ్లిపోయాక పాస్‌వర్డ్ కూడా ఉండదు. పైగా అవి ఐటీ వాళ్లకి తెలిస్తే ఆపేస్తారన్న భయంతో అడిగినా దాచేస్తారు. లెక్కపెట్టడానికి వెళ్లేటప్పుడు ఆడిట్‌కి వచ్చినట్టు వెళ్లకండి.

---

ఐదుగురిలో_ఒకడు:

అప్‌డేట్, ఆరు వారాల తర్వాత.

ఫైల్ పరీక్ష పెట్టాను. నాలుగు ల్యాబ్‌ల నుంచి తలా ఒక ఫైల్. రెండు అదే రోజు వచ్చాయి. మూడోదానికి రెండు రోజులు పట్టింది. నాలుగోది రానే లేదు, ఎందుకంటే ఆ ల్యాబ్ వాళ్లు ఏడాదిన్నరగా అన్నీ స్క్రాచ్‌లో (తాత్కాలిక ఫైళ్ల కోసం ఉన్న స్టోరేజ్) పెట్టుకుంటున్నారు, అక్కడ 60 రోజులు ముట్టుకోని ఫైళ్లు వాటంతటవే చెరిగిపోతాయి. చెరగకుండా ఉండటానికి వాళ్లు ఏం చేస్తున్నారంటే, ప్రతి ఆదివారం అన్ని ఫైళ్ల తేదీ మార్చే స్క్రిప్ట్ ఒకటి నడుపుతున్నారు. స్క్రాచ్‌కి బ్యాకప్ లేదని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పామని మేం అనుకున్నాం, లాగిన్ అయినప్పుడు వచ్చే మెసేజ్‌లో పదకొండో లైన్‌లో ఉంది. అందుబాటులో ఉన్న ప్రాజెక్ట్ స్టోరేజ్ ఎందుకు తీసుకోలేదంటే, దానికీ అదే సంతకం స్కాన్ ఫారం.

బల్ల చుట్టూ మార్కులు కూడా ఒక విడత అయ్యాయి, పాత_సిసాడ్మిన్ అన్నా, టీ, బిస్కెట్లు పెడతామని రాస్తే ముగ్గురు ప్రొఫెసర్లు వచ్చారు. 78 కాస్తా 52 అయింది. సిస్టమ్స్ వైపు పెద్దగా కదల్లేదు, పరిశోధకుడి వైపు, డేటా వైపు కుప్పకూలాయి. మా మేనేజర్ మొదట చూసి, "ఇది పైకి పంపితే మన టీమ్ ఎత్తేస్తారేమో" అన్నారు. చివరికి మొదటి పేజీలో స్కోర్ బదులు ఆ ల్యాబ్ కథ, దాని కింద ఎవరి కాంట్రాక్ట్ ఎప్పుడు అయిపోతుందో పట్టిక పెట్టాను. 91 శాతం అనుబంధంలోకి పోయింది, దాని పక్కనే ఎదురుచూపు లెక్క.

రిపోర్ట్ వచ్చే నెల. ఈలోగా ఒకటి మాత్రం అయింది, ఫారంలో సంతకం స్కాన్ గడి తీసేశారు. మూడు అనుమతులకి నాలుగు వారాలు పట్టింది. మెయిల్ ఒప్పుకోలు చాలు ఇప్పుడు. ఆ నాలుగో ల్యాబ్ వాళ్లు నిన్న ప్రాజెక్ట్ స్టోరేజ్ తీసుకున్నారు, ఆదివారం స్క్రిప్ట్ ఇంకా నడుపుతూనే ఉన్నారట, ఎందుకైనా మంచిదని.